మట్టిముంత - మహాలక్ష్మి

దుర్గాపూజ ముగిసిన కొలది దినములకే ఆశ్వయుజ పూర్ణిమ వచ్చును. ఆ రాత్రి కలకత్తా నగరమున పెక్కు గృహములలో దీపములు చాలసేపు వెలుగుచుండును. వంగదేశీయులకు అది కోజాగరీ లక్ష్మీపూజ. లక్ష్మీదేవి ఆ వెన్నెలరాత్రి ఇంటింటికి వచ్చి 'ఎవరు మేల్కొని యున్నారు?' అని అడుగునని వారి విశ్వాసము. సంస్కృతమున 'కో జాగర్తి' అను ఆ ప్రశ్నయే పండుగకు పేరైనది. గృహిణులు నీట కలిపిన బియ్యపుపిండితో వాకిలి మొదలుకొని పూజాస్థానము వరకు దేవి పాదముద్రలను, వరివెన్నులను చిత్రింతురు. మన ముగ్గువంటి ఈ చిత్రణమును ఆల్పన యందురు. కొబ్బరియుండలు, పేలాలు నైవేద్యము.

పూజాపీఠముకడ లక్ష్మీ ఝాఁపి యను పేముబుట్ట యుండును. అందు వడ్లు, గవ్వలు, నాణెములు ఉంచుదురు. దానితోడనే పెక్కు ఇండ్లలో 'లక్ష్మీర్ భాఁడ్' అను మట్టిముంత కానవచ్చును. దానికి మూతి లేదు. పైన నాణెము పట్టునంతటి సన్నని చీలిక మాత్రమే కలదు. వేయుట సులభము, తీయవలెనన్న పగులగొట్టవలసినదే. తెలంగాణమున గల్లాగురిగి యని పిలుచునది ఇట్టిదే. శ్రావణ శుక్రవారమున మన స్త్రీలు నిలుపు వరలక్ష్మీ కలశము, వేంకటేశ్వరునకు మ్రొక్కి పసుపుగుడ్డలో కట్టు ముడుపు ఈ ఆచారమునకు తోబుట్టువులు.

ఇట్టి ముంత ధనము నాకర్షించునా? ఫలానా మూలనుంచిన చాలును, సిరి తానై నడచి వచ్చునని నమ్మువారు కలరు. కాని ఆ పండుగ కథయే వారికి సమాధానము చెప్పుచున్నది. దేవి అడుగునది ముంతను ఏ మూల నుంచితివని కాదు, మేల్కొని యుంటివా యని. జాగరణమనగా కన్నులు మూయకుండుట మాత్రమే కాదు. ధనము ఏ మార్గమున వచ్చినది, ఏ మార్గమున పోవుచున్నది అను ఎరుకయే నిజమైన జాగరణము. వైశాఖారంభమున నూతన సంవత్సరమునాడు కలకత్తా వర్తకులు క్రొత్త ఖాతాపుస్తకములను కాళీఘట్టమునకు, దక్షిణేశ్వరమునకు కొనిపోయి పూజింపించుట యందును ఈ భావమే గ్రహింపదగును. లెక్క వ్రాయబోవు పుస్తకమును దేవి యెదుట నుంచినవాడు అందు అసత్యము వ్రాయుట కెట్లు సాహసించును?

ఆ బుట్టలోని గవ్వ మరియొక పాఠము చెప్పును. మాల్దీవులనుండి ఓడలపై వచ్చిన గవ్వలు పందొమ్మిదవ శతాబ్ది తొలినాళ్ల వరకు వంగదేశమున ద్రవ్యముగా చెల్లినవి. నేడు వానికి ఏ అంగడిలోను విలువ లేదు. 'చిల్లిగవ్వ లేదు' అను మన మాటలో మాత్రము ఆ ద్రవ్యము మిగిలినది. ఒకనాడు జనులు ప్రాణప్రదముగా దాచుకొన్నది మరియొకనాడు వట్టి చిప్ప యగును. నాణెము గతియు అంతియే.

ఈ సత్యమును శ్రీరామకృష్ణులు దక్షిణేశ్వరమున, గంగాతీరమున, సాధనచేసి తెలిసికొనిరి. ఒక చేత నాణెమును, ఒక చేత మట్టిని ఉంచుకొని విచారించిరి. ధనము అన్నమును, వస్త్రమును, ఇంటిని ఈయగలదు, భగవంతుని ఈయజాలదు. ఇట్లు నిశ్చయించి రెంటిని గంగలో విడిచిరి. కాని కథ అంతటితో ముగియలేదు. లక్ష్మికి కోపము వచ్చి అన్నము పెట్టదేమో యని తమకు భయము కలిగినదనియు, అపుడు 'తల్లీ, నీవు నా హృదయమున నుండుము' అని వేడుకొంటిననియు వారే శిష్యులకు నవ్వుచు చెప్పిరి. వారు విడిచినది ధనాసక్తిని, లక్ష్మిని కాదు. పక్షియు, సన్న్యాసియు కూడబెట్టరనియు, పిల్లలు గల పక్షి మాత్రము ముక్కున ఆహారము తెచ్చుననియు వారు చెప్పుచుండిరి. కావున గృహస్థుడు పొదుపు చేయుట దోషము కాదు. అది వాని ధర్మము.

అయినను కూడబెట్టినదానిని ఎప్పుడు విడువవలెను? 1898లో భక్తుల ద్రవ్యముతో బేలూరున మఠమునకు భూమి కొనబడినది. ఆ యేటనే కలకత్తాలో ప్లేగు భయము వ్యాపించెను. సేవకు ధనమెక్కడిదను ప్రశ్న రాగా, అవసరమైనచో క్రొత్తగా కొన్న ఆ భూమినే అమ్మివేయుదమని వివేకానందస్వామి పలికిరి. అమ్మవలసిన అగత్యము కలుగలేదు. 1899లో సోదరి నివేదిత, సదానందస్వామి ప్లేగు సేవకు పూనుకొనగా, నగరపు మురికివాడలు శుభ్రపరుపబడినవి. 1901లో బేలూరు మఠమున స్వామి దుర్గాపూజతోబాటు లక్ష్మీపూజను గూడ ప్రతిమయందు జరిపించిరి. ఆర్తులకొరకు ఉన్నదంతయు విడువ సిద్ధపడినవారే లక్ష్మిని అర్చించిరి. ఇందు వైరుధ్యమేమియు లేదు.

కావున ఇంట ముంత నుంచువారు ఉంచవచ్చును. అందు వేయు ప్రతి నాణెము న్యాయార్జితమై యుండవలెను. వేయునపుడు దేవిని స్మరింపవలెను. పిల్లల చదువునకో, పొరుగువాని వ్యాధికో, అన్నము లేనివాని ఆకలికో అవసరము వచ్చిన దినమున దానిని పగులగొట్టుటకు చేయి వెనుదీయరాదు. పగిలిన ముంత మట్టి మరల మట్టిలో కలియును. అందలి నాణెము ఎవరి కన్నీరు తుడిచినదో, దానినిబట్టియే ఆ యింట లక్ష్మి నిలిచినదో లేదో తెలియును.