శాసనములలోని చిన్న మాటలు: ‘షల్’, ‘మే’, ‘మస్ట్’

సిరికొండలో గాని, ఆర్మూరు పరిసరముల మరియే గ్రామమున గాని పంచాయతీ సభ్యుడు తన పనిని తెలుగున జరుపుకొనును. అది ఉచితమే. అయినను చట్టముపై తగవు పుట్టినప్పుడు తెలుగు ప్రతి యొక్కటియే చాలదు. పార్లమెంటు వేరువిధముగా నిర్ణయించువరకు చట్టములకును, వాని క్రింద వెలువడు నియమములకును ఇంగ్లీషు పాఠమే ప్రమాణమని రాజ్యాంగము 348వ అధికరణము చెప్పుచున్నది. రాష్ట్రము తెలుగున చట్టము చేసినను, గవర్నరు అధికారముతో గెజెటులో ప్రకటింపబడిన ఇంగ్లీషు అనువాదమే ప్రమాణముగా ఎంచబడును. కావున ఇంగ్లీషు చదువని సభ్యులు సైతము ఆ భాషలోని నాలుగైదు చిన్న మాటలను గుర్తుపట్ట నేర్చుకొనుట మేలని మేము తలంచుచున్నాము. షల్, మే, మస్ట్, షుడ్, కెన్ అనునవి ఆ మాటలు.

ఒక పని చేసి తీరవలెనా, చేయవచ్చునా, చేయగలమా అను సంగతి తెలుపుటయే వీని పని. మన భాషలో ఈ సంగతి క్రియ చివర తేలును: చేయవలెను, చేయవచ్చును, చేయగలము. వాక్యము తుదివరకు విననిదే అనుమతియో ఆజ్ఞయో తెలియదు. ఇంగ్లీషులో అది క్రియకు ముందే వచ్చి కూర్చుండును. ‘టర్మెరిక్ మస్ట్ బి డ్రైడ్’ అనగా పసుపును ఎండబెట్టవలెను. ‘ఇట్ మే బి సోల్డ్ ఎట్ నిజామాబాద్’ అనగా దానిని నిజామాబాదులో అమ్మవచ్చును. మొదటిది తప్పించుకొనరానిది, రెండవది రైతు ఇష్టము.

చిక్కు వచ్చునది ‘నాట్’ చేరినప్పుడు. ‘చెల్లింపవలెను’ అనుదానికి తెలుగున రెండు వ్యతిరేకములు కలవు. చెల్లింపకూడదు అనునది ఒకటి, చెల్లింపనక్కరలేదు అనునది రెండవది. ఇంగ్లీషులో మొదటిది ‘మస్ట్ నాట్’, రెండవది ‘నీడ్ నాట్’. రైతు ఒక రుసుము ‘నీడ్ నాట్ పే’ అని యున్నచో అతనికి మినహాయింపు కలిగినదని అర్థము. ‘మస్ట్ నాట్ పే’ అని యున్నచో చెల్లించుటయే తప్పు. ‘మే నాట్’ మరింత మోసకారి. ‘చేయరాదు’ అనియు, ‘చేయకపోవచ్చును’ అనియు దానికి రెండర్థములు చెప్పవచ్చును. అట్టి మాట కాగితములో కనబడినచో, ఏ అర్థమున వ్రాసిరో వ్రాసినవారినే అడుగుట మంచిది. ‘షల్ నాట్’ విషయమున ఈ సందేహము లేదు, అది నిషేధము.

‘హావ్’ చేరినచో మాట గతమునకు పోవును. ‘ద లెటర్ మస్ట్ హావ్ రీచ్డ్’ అనగా ఉత్తరము ఇప్పటికి చేరియుండవలెనని ఊహ. ఇందు ఆజ్ఞ ఏమియు లేదు. మన ‘చేరియుండవలెను’ సైతము ఇట్లే ఊహను తెలుపును గదా! ‘షుడ్ హావ్’ అట్లు కాదు. ‘ద బిల్ షుడ్ హావ్ బీన్ సబ్మిటెడ్’ అని యున్నచో, బిల్లు దాఖలు చేయవలసియుండెను, మీరు చేయలేదు అని భావము. అది పైకి మెత్తగానున్న ఆక్షేపణ. ఆడిట్ కాగితములలో ఈ జంటమాటను చూచినవారు సమాధానము సిద్ధపరచుకొనవలెను.

ఇక రాజ్యాంగమును చూతము. 73వ సవరణ 1992లో ఆమోదింపబడి 1993 ఏప్రిల్ 24 నుండి అమలులోనికి వచ్చినది. అందు 243-ఇ అధికరణము ప్రకారము, ముందుగా రద్దయిననే తప్ప, పంచాయతీ 5 సంవత్సరములు సాగవలెను. ఆ గడువు తీరకముందే ఎన్నిక ముగియవలెను. రెండుచోట్లను మాట ‘షల్’. తెలంగాణమున 2019 జనవరిలో ఎన్నికైన గ్రామపంచాయతీల గడువు 2024 ఆరంభమున తీరినది. ప్రత్యేకాధికారుల పాలన సాగినది. 2025 జూన్‌లో హైకోర్టు ఎన్నికలకు గడువు విధించినది. ఆ డిసెంబరున ఎన్నికలు జరిగినవి. రాజ్యాంగమున ఆ మాట ‘మే’ అయియున్నచో, ఎన్నికలు కోరి న్యాయస్థానమునకు పోయినవారికి నిలుచుటకు చోటుండెడిది కాదు.

అదే సవరణలోని 243-జి అధికరణమున మాట మారినది. 11వ షెడ్యూలులో వ్యవసాయము, త్రాగునీరు, రోడ్లు మొదలుగా 29 విషయములు కలవు. వానిపై అధికారములను రాష్ట్ర శాసనసభ పంచాయతీలకు ‘మే’ ఇచ్చును, అనగా ఈయవచ్చును. ఈయవలెనని లేదు. కేరళమునకు తరలినన్ని అధికారములు అన్ని రాష్ట్రములందును తరలకుండుటకు ఇది యొక కారణము. గ్రామసభను గూర్చిన 243-ఎ అధికరణమున ఒకే వాక్యములో రెండు ‘మే’లు వచ్చుచున్నవి. శాసనసభ చట్టము ద్వారా ఈయదగిన అధికారములను గ్రామసభ వినియోగింపవచ్చునని దాని సారాంశము.

‘షల్’ ఉన్నంత మాత్రమున కోర్టుకు పోవచ్చుననియు తలంపరాదు. 1950 నాటినుండియు ఉన్న 40వ అధికరణమున, రాజ్యము గ్రామపంచాయతీల నేర్పరచుటకు చర్యలు తీసికొనవలెనని ‘షల్’ తోనే చెప్పబడినది. కాని అది ఆదేశిక సూత్రము. న్యాయస్థానముల ద్వారా దానిని అమలు జరిపించుకొనుటకు 37వ అధికరణము వీలీయదు. ఇందుకు ఎదురుగా, ‘మే’ ఉన్నచోటను, సందర్భమును బట్టి బాధ్యత ఏర్పడవచ్చునని 1880లోనే ఇంగ్లండు ప్రభువులసభ జూలియస్ కేసులో చెప్పినది.

నియమములలో తరచు కనబడు మరియొక కూర్పు ‘యాజ్ మే బి ప్రిస్క్రైబ్డ్’. నియమములలో నిర్ణయింపబడిన విధముగా అని దాని అర్థము. ఈ మాట చట్టమున ఉన్నచో సభ్యులు చట్టమును మాత్రమే చదివి ఊరకుండరాదు. నియమములు వెలువడినవో లేదో కనుగొనవలెను.

మన కార్యాలయముల ఇంగ్లీషులో ‘మే’కు వేరొక నడవడి కలదు. చట్టములో స్వేచ్ఛ నిచ్చు ఆ మాటయే ఉత్తరములలో మర్యాదను తెలుపును. పంచాయతీ పైవారికి ‘ద అమౌంట్ మే కైండ్లీ బి సాంక్షన్డ్’ అని వ్రాసినచో, సొమ్ము మంజూరు చేయగోరుచున్నామని మనవి. పైనుండి ‘ద రిపోర్ట్ మే బి సెంట్ ఇమ్మీడియట్లీ’ అని వచ్చినచో అది మనవి కాదు, నివేదికను వెంటనే పంపుడను ఉత్తరువే. ఇష్టమున్న పంపవచ్చునని తలంచి ఊరకున్నవారికి కొలది దినములలో రిమైండరు వచ్చును. అందు ‘షుడ్ హావ్ బీన్ సెంట్’ అని యుండును.