మశూచి కాలంలో మరుగునపడిన మన పూర్వులు

వంశవృక్షం వ్రాయుమంటే మనలో పెక్కుమంది ముత్తాత పేరు వద్ద ఆగిపోతాము. ఆయనకు తోబుట్టువులు ఎందరని పెద్దలను అడిగితే, "ఇంకా ఉండేవారట, చిన్నతనంలోనే పోయారట" అన్న సమాధానం వస్తుంది. ఆ "పోయారట" అన్న మాట వెనుక ఉన్న వారిని గురించి, వారి జాడను తెలుసుకొనే మార్గాలను గురించి ఈ వ్యాసంలో పరిశీలింపదలచినాము. చల్లపల్లి, బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతాల కుటుంబాలకు ఇది పరాయి విషయం కాదు.

విక్టోరియా రాణి ఏలుబడి 1837 నుండి 1901 వరకు సాగినది. ఆ కాలమంతటా మన దేశంలో పసిప్రాణాలను హరించిన వ్యాధులలో మశూచి ముఖ్యమైనది. టీకా లేనివారికి ఈ వ్యాధి తీవ్రరూపంలో సోకితే పదిమందిలో ముగ్గురు మరణించేవారు. బ్రతికినవారికి ముఖాన మచ్చలు మిగిలేవి. కొందరికి చూపు పోయేది. అయితే ఒకసారి సోకి కోలుకొన్నవారికి అది సాధారణంగా మరల వచ్చేది కాదు. అందువలన వ్యాధి తిరిగి వచ్చినప్పుడల్లా, వెనుకటి దాడి తరువాత పుట్టిన పిల్లలే ఎక్కువగా బలి అయ్యేవారు.

ఇక్కడ ఒక విషయం గ్రహింపవలెను. పసితనంలో పోయినవారికి సంతానం లేదు. వారిని "మా తాత", "మా అవ్వ" అని చెప్పుకొని వెదకే వారసులు ఎవరూ ఉండరు. వారి అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ళ సంతతివారమైన మనము వెదకకపోతే మరెవరూ వెదకరు. ఈ అన్వేషణ మన బాధ్యత అనడానికి కారణం ఇదే.

వ్యాధి పేరును ఆనాటివారు నేరుగా ఉచ్చరించేవారు కారు. "అమ్మవారు పోసింది", "తల్లి తీసుకొనిపోయింది" అనేవారు. పోలేరమ్మకు మ్రొక్కేవారు, గుమ్మానికి వేపమండలు కట్టేవారు. ఉర్దూ మాట్లాడే ఇండ్లలో "చేచక్ నిక్లీ" అనేవారు. కాబట్టి పెద్దలను "మశూచితో ఎవరైనా చనిపోయారా?" అని అడిగితే లేదనవచ్చు, "అమ్మవారు పోసి ఎవరైనా పోయారా?" అని అడిగితే జ్ఞాపకం కదలవచ్చు.

టీకా లేకపోయెనా అని విద్యార్థులు ప్రశ్నింపవచ్చు. జెన్నరు 1796లో కనుగొన్న టీకా 1802లో బొంబాయి చేరినది. ఆ ఏడాది జూన్ 14న అన్నా డస్టాల్ అను మూడేండ్ల బాలికకు వేసిన టీకాయే మన దేశంలో తొలి విజయం. ఆనాడు ఒక బిడ్డ చేతి పొక్కు నుండి రసి తీసి మరొక బిడ్డకు వేసేవారు. ఎనిమిదవ నాడు బిడ్డను మరల తీసుకొనిపోయి రసి ఇవ్వవలసి రావడం తల్లులకు ఇష్టముండేది కాదు. 1880 నాటి టీకాల చట్టం, దానిని అమలుపరచిన పురపాలక సంఘాలలోను, కంటోన్మెంట్లలోను మాత్రమే నిర్బంధ టీకాకు వీలు కల్పించినది. పల్లెలు దాని పరిధిలోనికి రాలేదు.

ఇక పత్రాల సంగతి. గ్రామంలో మరణాలను మునసబు పుస్తకంలో వ్రాసేవాడు. పై కార్యాలయాలకు పేర్లు పోయేవి కావు. కలరాకు ఇన్ని, మశూచికి ఇన్ని, జ్వరాలకు ఇన్ని అని అంకెలు మాత్రమే పోయేవి. ముద్రితమైన ఆరోగ్య నివేదికలలో మనకు దొరికేవి ఆ అంకెలే. మద్రాసు రాజధానికి జనన మరణాల నమోదు చట్టం 1899లో గాని రాలేదు. అందుచేత మరణపత్రం ఒక్కదానినే నమ్ముకొన్నవాడు నిరాశ చెందును. జీవించినవారి పత్రాలలో మరణించినవారి జాడ వెదకవలెను.

మొదటిది నికా పత్రం. అందులో వధూవరుల తండ్రుల పేర్లు, మహరు మొత్తం, సాక్షుల పేర్లు ఉంటాయి. తండ్రి పేరుతో "మర్హూం" అని ఉంటే ఆ తేదీకి ఆయన లేడన్నమాట. "వల్ద్" అంటే కుమారుడు, "బింత్" అంటే కుమార్తె. "లావల్ద్" అని ఉంటే సంతానం లేనివాడు. తెలుగు దస్తావేజులలో "మైనరు", "సంరక్షకుడు" అను మాటలు చూడవలెను. తండ్రి ఉండవలసిన చోట మేనమామ సంతకం చేసినాడంటే, ఆ బిడ్డ తండ్రి ఏమైనాడని విచారింపవలెను.

రెండవది ఇనాం రిజిస్టరు. 1858లో ఏర్పడిన ఇనాం కమిషను మసీదులకు, ఖాజీలకు, దర్గాలకు, దేవాలయాలకు ఉన్న మాన్యాలను విచారించి, అనుభవదారుల పేర్లు, వయస్సులు, వారసత్వం వ్రాయించినది. సేవా మాన్యాలున్న కుటుంబాలకు ఇది గొప్ప ఆధారం.

మూడవది విదేశాలకు కూలికి పోయినవారి ఓడ జాబితాలు. మద్రాసు నుండి నాటాలుకు ట్రూరో అను తొలి ఓడ 1860లో పోయినది. ఇట్టి జాబితాలలో తండ్రి పేరు, ఊరు, వయస్సుతోపాటు శరీరంపై గుర్తులు కూడా వ్రాసేవారు. మశూచి మచ్చలే గుర్తుగా నమోదైనవారు వాటిలో కలరు.

తేదీలను గుణించడం మరొక మెలకువ. ఉర్దూ పత్రాలలో హిజ్రీ, జమీందారీ లెక్కలలో ఫసలీ, ఇంటి జ్ఞాపకాలలో తెలుగు సంవత్సరం ఉంటాయి. మద్రాసు ఫసలీ జూలైలో మొదలగును. దానికి 590 కలిపితే ఆరంభ సంవత్సరం వచ్చును. 1864 నవంబరు 1వ తేదీన బందరును ముంచి, సుమారు ముప్పది వేలమందిని బలిగొన్న ఉప్పెన హిజ్రీ 1281, ఫసలీ 1274, రక్తాక్షి సంవత్సరం. కాని రక్తాక్షి అరువది ఏండ్లకు మరల 1924లో వచ్చినది. అట్లే "ఉప్పెనకు ముందు" అన్నవారు 1864ను తలచినారా, 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనను తలచినారా అని నిదానించి అడుగవలెను.

పేర్లు కూడా సాక్ష్యం చెప్పును. పుట్టిన బిడ్డలు వరుసగా పోతే తరువాతి బిడ్డకు పెంటయ్య, పుల్లయ్య అనో, దర్గా మ్రొక్కుతో నాగూర్, మస్తాన్ అనో పేరు పెట్టడం మన ప్రాంతపు ఆచారం. అయితే దృష్టి దాటవేయకూడదు. అట్టి పేరు వెనుక మశూచియే ఉండనవసరం లేదు. కలరా కావచ్చు, జ్వరం కావచ్చు, తాతపేరు నిలుపుట మాత్రమే కావచ్చు. కనుక విన్నది, పత్రంలో చూచినది, ఊహించినది వేర్వేరు గడులలో వ్రాయవలెను. ఆధారం లేని చోట గడి ఖాళీగా ఉంచుటయే సత్యనిష్ఠ.

రెండు ఉప్పెనలు తుడిచివేయగా మిగిలిన కాగితాలు ఎన్నో ట్రంకు పెట్టెలలో చెదలు పట్టుచున్నవి. తాత చదివిన ఉర్దూ మనుమడికి రాక, అవి చదువరి లేని పత్రాలైనవి. మన కళాశాలలో ఉర్దూ చదివేవారు, తెలుగు చదివేవారు ఒకే కప్పు క్రింద ఉన్నారు. ఈ సెలవులలో ఒకరు చదువగా మరొకరు వ్రాసికొంటే, ఊరికొక ఇంటి పత్రమైనా బయటపడును. ఆ ప్రతులను భద్రపరచుటకు గ్రంథాలయంలో ఒక బీరువా కేటాయింపుమని కళాశాల కమిటీ పెద్దలను కోరుచున్నాము.

1980 మే నెలలో ప్రపంచ ఆరోగ్య మహాసభ మశూచి భూమి మీద లేదని ప్రకటించినది. వ్యాధి పోయినది. అది తీసుకొనిపోయిన బిడ్డలలో కొందరి పేర్లయినా ఇంకా మన పెద్దల నోళ్ళలో ఉన్నవి. ఆ పెద్దలు ఉండగానే అడిగి వ్రాసికొందము.