సైన్యం నుంచి వచ్చిన అక్కచెల్లెళ్లకు: యూనిట్ మీ పేరు మీదే పెట్టండి

సైన్యంలో సేవ ముగించుకుని వచ్చి పిండిమిల్లు, టైలరింగ్ యూనిట్, బేకరీ లాంటివి పెట్టాలనుకునే మహిళలకు ప్రధానమంత్రి ఉపాధి కల్పన కార్యక్రమం ఉంది. బ్యాంకుల్లో దీన్ని పీఎంఈజీపీ అంటారు. 2008లో మొదలైంది. రుణంతో పాటు సబ్సిడీ వస్తుంది.

ఎవరు అర్హులు?
18 ఏళ్లు నిండి ఉండాలి. ఆదాయ పరిమితి లేదు. కొత్త యూనిట్ అయి ఉండాలి. 2022లో సవరించిన నిబంధనల ప్రకారం తయారీ యూనిట్‌కు 50 లక్షలు, సేవా యూనిట్‌కు 20 లక్షల వరకు అవకాశం ఉంది. తయారీ 10 లక్షలు, సేవ 5 లక్షలు దాటితే 8వ తరగతి పాసై ఉండాలి.

నేను అగ్నివీర్‌గా చేశాను. నాకు వస్తుందా?
వస్తుంది. నాలుగేళ్లకే బయటికి వచ్చే అగ్నివీర్లకు మాజీ సైనికుల హోదా ఉండదు. అయినా కంగారు పడొద్దు. ఈ పథకంలో మాజీ సైనికుల్లాగే మహిళలూ ప్రత్యేక వర్గమే. మీరు మహిళగా దరఖాస్తు పెట్టుకోండి. రెండు అర్హతలు ఉన్నా సబ్సిడీ మాత్రం రెట్టింపు కాదు.

లెక్క ఎలా ఉంటుంది?
ప్రత్యేక వర్గానికి సొంత వాటా 5 శాతం. సబ్సిడీ పల్లెలో 35 శాతం, పట్టణంలో 25 శాతం. పల్లెలో 10 లక్షల యూనిట్ అనుకుందాం.
- మీ వాటా: 50,000
- బ్యాంకు ఇచ్చేది: 9,50,000
- అందులో సబ్సిడీ: 3,50,000
- మీరు కట్టాల్సిన అసలు: 6,00,000, దానిపై వడ్డీ

సబ్సిడీ డబ్బు చేతికి రాదు. మూడేళ్లు మీ పేరున బ్యాంకులో డిపాజిట్‌గా ఉంటుంది. యూనిట్ నడుస్తోందని తనిఖీలో తేలాక రుణంలో జమ చేస్తారు.

భర్త పేరు మీద పెడితే ఏమవుతుంది?
ఆయన ఏ ప్రత్యేక వర్గంలోకీ రాకపోతే ఇదే యూనిట్‌కు వాటా లక్ష రూపాయలు అవుతుంది, సబ్సిడీ రెండున్నర లక్షలకు తగ్గుతుంది. పైగా భార్యాభర్తల్లో ఒక్కరికే ఈ పథకం. ఆయన తీసుకుంటే మీకు దారి మూసుకుపోయినట్టే.

అలాగని పేరు మీది, చెక్‌బుక్ ఇంకొకరిది కాకూడదు. సంతకం మీదైతే అప్పూ మీదే. ఖాతా, కొనుగోలు బిల్లులు, కిస్తీల పుస్తకం మీ దగ్గరే ఉంచుకోండి.

సర్వీసు డబ్బంతా పెట్టాలా?
వద్దు. గ్రాట్యుటీ, సేవానిధి మొత్తం యంత్రాల్లో పోస్తే మొదటి నెలల్లో సరుకుకి, కరెంటు బిల్లుకి చేతిలో ఏమీ మిగలదు. వాటాకు 5 శాతం చాలు. 10 లక్షల లోపు రుణానికి బ్యాంకు తనఖా అడగకూడదు.

ఏం చేయాలి?
1. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో డిశ్చార్జ్ పత్రాలు సరిచూసుకోండి.
2. జిల్లా పరిశ్రమల కేంద్రంలో ప్రాజెక్టు రిపోర్టు గురించి మాట్లాడండి.
3. ఆధార్, ఫొటో, చదువు సర్టిఫికెట్, ప్రాజెక్టు రిపోర్టు, పల్లె అయితే గ్రామీణ ప్రాంత ధ్రువపత్రంతో పీఎంఈజీపీ పోర్టల్‌లో దరఖాస్తు చేయండి.
4. రుణం మంజూరయ్యాక చెప్పిన శిక్షణ పూర్తి చేయండి.
5. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ మీ పేరున చేయించుకోండి. అది ఉచితం.

దరఖాస్తుకు ఫీజు లేదు. "సబ్సిడీ ఇప్పిస్తాం" అనే దళారులకు రూపాయి కూడా ఇవ్వొద్దు. మీ ఊళ్లో సర్వీసు నుంచి వచ్చిన చెల్లెలు ఎవరైనా ఉంటే ఈ కాగితం ఆమెకు పంపండి.