విజిట్ మీద పోతానంటున్నాడు

సమస్య

అక్కా,

మాది జగిత్యాల జిల్లాలో ఒక ఊరు. నాకు ఇరవై ఎనిమిదేండ్లు. ఇంట్లో కూర్చుని బీడీలు చేస్తాను. మా ఆయనది టైల్స్ పని. పని ఉన్న రోజు ఎనిమిది వందలు తెస్తాడు. లేని రోజులే ఎక్కువ. నాలుగేండ్ల పాప ఉంది. ఇల్లు కట్టుకున్నప్పుడు తెచ్చిన అప్పు రెండు లక్షలు, నూటికి రెండు రూపాయల మిత్తి. అసలు అట్లనే ఉంది.

ఇప్పుడు దుబాయి పోతానంటున్నాడు. పక్క ఊరి మనిషి ఒకతను పంపిస్తాడట. 'నీది పది ఫెయిలు పాస్‌పోర్టు. కంపెనీ వీసా అంటే తిప్పలు, నెలలు పడుతది. విజిట్ మీద ఎక్కు, దిగినంక మార్పిస్తం' అన్నాడట. లక్షా ఇరవై వేలు అడిగాడు. జీతం నెలకు 1,400 దిర్హాంలు, తిండి మనదే. ముప్పై వేలూ, పాస్‌పోర్టూ ఇచ్చి వచ్చాడు. రశీదు లేదు. అడిగితే 'మనోడే కదా, ఏమనుకుంటడు' అంటాడు. మిగతా తొంభై వేలు మళ్లీ మిత్తికి తెస్తాడట. చాలకపోతే నా పుస్తెలతాడు కుదువ పెడదామంటున్నాడు.

నా భయం ఊరికే పుట్టలేదు. మా పెద్ద బావ ఆజాద్ వీసా మీద సౌదీ పోయి, అకామా అనే అక్కడి నివాస కార్డు లేక కల్లివెల్లి, అంటే కాగితాల్లేని మనిషి అయి, ఏడేండ్లకు ఔట్‌పాస్ అనే తాత్కాలిక కాగితం మీద వచ్చాడు. మధ్యలో మా మామ చనిపోతే ఫోన్లోనే చూసుకుని ఏడ్చాడు. ఆ ముచ్చట ఎత్తితే మా ఆయన 'అన్నది సౌదీ, ఇది దుబాయి' అని కొట్టిపారేస్తాడు. అత్తమ్మ 'మొగోడు నాలుగు పైసలు తెస్తానంటే కాళ్లకు అడ్డం పడతావా' అంటుంది.

వచ్చే నెలే టికెట్ అంటున్నారు. ఆపితే రేపు ఏ కష్టం వచ్చినా నా పేరే చెబుతారు. ఆపకపోతే నాకు నిద్ర పట్టదు. ఏం చేయను?

– ఒక చెల్లె, జగిత్యాల జిల్లా

సలహా

చెల్లీ,

బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని మూడు 'బాయి'ల పేర్లు చెప్పుకున్న నేల మనది. పనికోసం పోయేవాళ్లను ఆపమని నేను చెప్పను. ఇక్కడ నెలకు పది రోజుల పని దొరికే మనిషి అక్కడ ముప్పై రోజుల పని ఉందంటే ఆశపడటం తప్పు కాదు. కానీ ఆయన ఏ కాగితం మీద విమానం ఎక్కుతున్నాడన్నది తేలేదాకా తాళి తీయకు. ఆయన దేశం పేరు చూస్తున్నాడు. నువ్వు కాగితం చూడు.

ముందు ఆ 'పది ఫెయిలు పాస్‌పోర్టు' సంగతి. దాన్ని ఈసీఆర్ పాస్‌పోర్టు అంటారు. పది పాస్ కానివాళ్లు యూఏఈ, సౌదీ, కువైట్ వంటి 18 దేశాలకు పనికి పోవాలంటే 1983 నాటి వలసల చట్టం ప్రకారం ప్రభుత్వ అనుమతి ఉండాలి. ఆ అనుమతి ఇచ్చే అధికారిని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అంటారు, హైదరాబాద్‌లోనూ ఆఫీసు ఉంది. పనికి పిలిచిన కంపెనీ ఏది, జీతం ఎంత, ఒప్పందంలో ఏముంది అని అక్కడ చూస్తారు. ప్రవాసీ భారతీయ బీమా కూడా తప్పనిసరి. రెండేళ్లకు 275 రూపాయలు కడితే, ప్రమాదంలో ప్రాణం పోయినా శాశ్వతంగా అవిటితనం వచ్చినా 10 లక్షలు. ఏజెంటు 'తిప్పలు' అన్నది దీన్నే. చదువు తక్కువైనవాణ్ని ఎవరూ ముంచకుండా పెట్టిన కాపలా అది. విజిట్ వీసా ఆ కాపలా కన్నుగప్పే దొడ్డిదారి. ఎయిర్‌పోర్టులో 'చూడటానికి పోతున్నా' అని మీ ఆయన చేత చెప్పిస్తారు. ఆ మాటతో బీమా పోతుంది, ఒప్పందం పోతుంది, రేపు జీతం ఎగ్గొడితే అడిగే నోరూ పోతుంది.

ఇక అక్కడి సంగతి. విజిట్ మీద పని చేయడం యూఏఈలో నేరం. పర్మిట్ లేకుండా పనిలో పెట్టుకున్న యజమానికి 2024 నుంచి లక్ష దిర్హాంల నుంచి పది లక్షల దాకా జరిమానా ఉంది. అంత జరిమానా నెత్తిన పెట్టుకుని టైల్స్ పనివాణ్ని దాచేవాడు జీతం సరిగ్గా ఇస్తాడా? వీసా గడువు దాటితే రోజుకు 50 దిర్హాంల జరిమానా. అంటే నెలకు 1,500. ఏజెంటు చెప్పిన జీతం 1,400. కష్టపడి పనిచేస్తూ కూడా నెలకు వంద దిర్హాంలు బాకీ పడే బతుకు అది. మీ బావను కట్టిపడేసింది సౌదీ ఒక్కటే కాదు. ఆజాద్ వీసా అంటే వీసా ఒకరి పేరున, పని ఇంకొకరి దగ్గర. విజిట్ మీద పోయినా అదే గోతిలోకి దిగుతాడు.

ఒకవేళ అన్నీ సవ్యంగా జరిగాయే అనుకుందాం. తిండికీ ఫోనుకూ 400 పోతే 1,000 మిగులుతుంది. దిర్హాంకు 23 రూపాయలు అనుకుంటే 23,000. ఇంటి ఖర్చు పది వేలు, పాత అప్పు మిత్తి నాలుగు వేలు, కొత్త తొంభై వేలకు మిత్తి 1,800. చేతిలో మిగిలేది ఏడు వేల చిల్లర. ఏజెంటు కోసం తెచ్చిన తొంభై వేలు తీరడానికే ఏడాది పడుతుంది. అక్కడ వర్క్ పర్మిట్ రెండేళ్లకు ఇస్తారు. అందులో సగం కాలం ఏజెంటు కోసమే పని చేసినట్టు. మన చట్టం ప్రకారం లైసెన్సున్న ఏజెంటు తీసుకోదగ్గది 30,000, దానిమీద జీఎస్టీ, మొత్తం 35,400. అంతకు మించి ఒక్క రూపాయి అడిగినా తప్పే.

సరైన కాగితం మీద పోయినవాడికి అదే దుబాయి వేరుగా ఉంటుంది. రోజుకు ఎనిమిది గంటల పని, పైన చేస్తే ఓవర్‌టైం. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు ఎండలో పని చేయించకూడదు. యాభై మందో అంతకు మించో ఉన్న కంపెనీ అయితే 1,500 దిర్హాంల లోపు జీతగాడికి ఉండే చోటు కంపెనీయే చూపాలి. ఏడాది దాటితే మొదటి ఐదేళ్లూ ఏడాదికి 21 రోజుల బేసిక్ జీతం చొప్పున గ్రాట్యుటీ వస్తుంది. 'బేసిక్' అన్న మాట గుర్తుపెట్టుకో. మొత్తం జీతం ఘనంగా చెప్పి బేసిక్ తగ్గించి రాస్తే ఓవర్‌టైం, గ్రాట్యుటీ రెండూ కరిగిపోతాయి. ఈ చట్టాలన్నీ ప్రతి క్యాంపులోనూ అక్షరాలా నడుస్తాయని నేను చెప్పను. కానీ పర్మిట్ ఉన్నవాడు వెళ్లి అడగగలడు. లేనివాడు పోలీసు కనిపిస్తే సందు మారాలి.

ఇప్పుడు చేయాల్సిన పని. ఊళ్లో పెద్దమనుషులు ఇద్దరిని వెంటబెట్టుకుని ఇద్దరూ ఆ ఏజెంటు దగ్గరికి పోండి. లైసెన్సు నంబరు అడగండి. విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఆ పేరుందో లేదో ఫోనులోనే చూడొచ్చు. లేకపోతే మాటలు అనవసరం. పాస్‌పోర్టు, ముప్పై వేలు వెనక్కి అడగండి. ఇచ్చిన తేదీ, మొత్తం రాసి వాట్సాప్‌లో పంపి జవాబు రాబట్టండి, రశీదు లేని లోటు కొంత తీరుతుంది. ఇవ్వనంటే పోలీస్ స్టేషన్‌కు పోండి. లైసెన్సు లేకుండా మనుషులను పనికి పంపడం నేరమని అతనికీ తెలుసు.

పోవడం మానక్కర్లేదు, దారి మార్చుకోవాలి. హైదరాబాద్‌లో రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఉంది, విదేశీ ఉద్యోగాలకు పేర్లు నమోదు చేసుకుంటుంది. ఇంకో మాట మీ ఆయనకు చెప్పు: టైల్స్ మేస్త్రీ అయి ఉండి 'లేబర్' అని రాసిన వీసా మీద పోతే పని మేస్త్రీది, జీతం కూలీది. నిర్మాణ పనుల్లో శిక్షణ ఇచ్చే న్యాక్ వంటి చోట పనితనానికి సర్టిఫికెట్ తెచ్చుకుంటే అడగడానికి ఒక ఆధారం ఉంటుంది. ఆఫర్ లెటర్ హిందీలోనో ఉర్దూలోనో చదివించుకుని, పని పేరు, బేసిక్ ఎంత, తిండి ఎవరిది అని చూసుకున్నాకే సంతకం.

ఇంత చెప్పినా వినకుండా పోతే, పోట్లాడుకుని పంపకు. పాస్‌పోర్టు, వీసా ఫోటోలు నీ దగ్గర పెట్టుకో. వీసా గడువు తేదీ గోడ మీద రాసుకో. ఆ లోపు పర్మిట్ రాకపోతే తిరిగి రమ్మను. ఆపద వస్తే యూఏఈలోని మన ప్రవాసీ భారతీయ సహాయ కేంద్రం నంబరు 80046342, ఉచితం.

మీ అత్తమ్మ మాటకు జవాబు మీ బావ చేత చెప్పించు. కొడుకు తండ్రి కడసూపుకు రాలేకపోవడానికి కారణం ఏమిటో ఆమెకు నీకన్నా, నాకన్నా అతను చెబితేనే ఎక్కుతుంది. మీ ఆయన్ని కూడా పక్కన కూర్చోబెట్టు. అకామా లేని ఏడేళ్లు ఎలా గడిచాయో అన్న నోట వినమను.

పాస్‌పోర్టు చేతికి రాగానే రెండు ముక్కలు రాయి. ఎదురుచూస్తుంటాను.

– అక్క