వార్ధక్యం – సామాజిక న్యాయం

శుక్రాచార్యుని శాపం వల్ల యయాతి అకాల వార్ధక్యం పాలయ్యాడు. తన ముదిమిని తీసుకొని యౌవనాన్ని ఇమ్మని ఐదుగురు కుమారులను అడిగాడు. యదువు, తుర్వసుడు, ద్రుహ్యుడు, అనువు నిరాకరించారు. కడగొట్టువాడైన పూరుడు అంగీకరించాడు. నన్నయ ఆదిపర్వంలో తెనిగించిన ఈ కథను పితృభక్తికి ఉదాహరణగా చదవడం పరిపాటి. అయితే ముదిమి భారాన్ని ఎవరు మోయాలన్న ప్రశ్న కూడా అందులో ఉన్నది. ఆధునిక కాలంలో ఆ ప్రశ్నను శాస్త్రజ్ఞులు చేపట్టారు.

తెలుగునాట వార్ధక్యాన్ని శాస్త్రీయంగా పరిశీలించినవారిలో ఆచార్య పి.వి. రామమూర్తి ముఖ్యులు. మనస్తత్వ శాస్త్రజ్ఞులైన ఆయన తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో వార్ధక్య పరిశోధన కేంద్రాన్ని తీర్చిదిద్దారు. ఆచార్య డి. జమునతో కలిసి 2004లో భారతీయ వార్ధక్య శాస్త్రంపై ఒక కరదీపికను సంపాదకత్వం వహించి వెలువరించారు.

ఇదే విషయాన్ని సమాజం వైపు నుండి చూసిన విదుషి అమెరికాకు చెందిన కారొల్ ఎస్టెస్. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సామాజిక శాస్త్రాచార్యులుగా ఉంటూ 1979లో ‘ది ఏజింగ్ ఎంటర్‌ప్రైజ్’ అనే గ్రంథాన్ని ప్రకటించారు. వృద్ధుల కోసమని ఏర్పడిన కార్యాలయాలు, సేవాసంస్థలు క్రమంగా తమ మనుగడనే చూసుకొనే వ్యాపారంగా మారుతున్నాయని, వృద్ధులను తక్కిన సమాజం నుండి వేరుచేస్తున్నాయని అందులో విమర్శించారు. వయసు మీరడం దేహధర్మమే. వృద్ధుల దైన్యంలో అధికభాగం మాత్రం సమాజం చేసిన ఏర్పాట్ల ఫలితమని ఆమె సిద్ధాంతం. ఆ ఏడే ఆమె నెలకొల్పిన పరిశోధన కేంద్రం తరువాత ఆరోగ్య–వార్ధక్య సంస్థగా ఎదిగింది. తరగతి గదికే పరిమితం కాక, వృద్ధుల పింఛనును, వైద్య బీమాను కాపాడడానికి ఏర్పడిన జాతీయ సంఘానికి కూడా ఆమె నాయకత్వం వహించారు. పండితులలో ఇది అరుదైన గుణం.

ఈ సిద్ధాంతం మనకు దూరపుదేమీ కాదు. హైదరాబాదులోని కవాడిగూడను చూడండి. కేంద్రప్రభుత్వ కార్యాలయాలున్న సి.జి.ఓ. టవర్స్ అక్కడే ఉన్నాయి. కార్మికులకు ఒకప్పుడు కూడు పెట్టి, తరువాత మూతపడిన డి.బి.ఆర్. మిల్లు కూడా ఆ ప్రాంతంలోనిదే. 2004కు ముందు కొలువులో చేరిన కేంద్రప్రభుత్వ గుమాస్తా అరవై ఏండ్లకు విరమిస్తే, ధరలను బట్టి పెరిగే పింఛను నెలనెలా అందుతుంది. ఆ కార్యాలయం ముందు బండిపై పండ్లు అమ్మినవానికి, చుట్టుపక్కల ఇళ్ళలో అంట్లు తోమిన ఆమెకు విరమణ అన్నదే లేదు. రెక్కాడినంతకాలమే డొక్కాడుతుంది. అందరూ ముప్పై ఏండ్లు కష్టించినవారే. వారి వార్ధక్యాలలోని తేడా వయసు తెచ్చినది కాదు.

డి.ఎస్. నకారా అనే విశ్రాంత ఉద్యోగి వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1982 డిసెంబరు 17న తీర్పు వెలువరించింది. పింఛను ప్రభువుల దయాదానం కాదని, చేసిన సేవకు దక్కవలసిన హక్కని ధర్మాసనం చెప్పింది. పండ్లబండి దాకా ఆ హక్కు రాలేదు. ముదిమిలో ప్రభుత్వసహాయం ఉండాలని రాజ్యాంగం 41వ అధికరణం చెప్పినా, అది ఆదేశిక సూత్రం. దాని అమలుకై న్యాయస్థానాన్ని ఆశ్రయించే వీలు లేదు. 1995 ఆగస్టు 15న కేంద్రం నిరుపేద వృద్ధులకు ప్రారంభించిన పింఛను నెలకు 75 రూపాయలు! తెలంగాణ ప్రభుత్వం 2014లో ‘ఆసరా’ పేరిట వేయి రూపాయలతో మొదలుపెట్టి, 2019లో 2,016కు పెంచింది.

2007లో పార్లమెంటు తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం చేసింది. పోషించని బిడ్డలపై వృద్ధులు ట్రిబ్యునలుకు అర్జీ పెట్టుకోవచ్చు. నెలకు పదివేల రూపాయలకు మించకుండా భృతి ఇప్పించే అధికారం దానికి ఉన్నది. కలిగినవాడు కన్నవారిని నిర్లక్ష్యం చేసినచోట ఈ చట్టం అక్కరకు వస్తుంది. అంట్లు తోమిన ఆ ముసలమ్మ కొడుకు అద్దె ఆటో నడుపుకొనేవాడైతే, ట్రిబ్యునలు అతని నుండి ఏమి ఇప్పించగలదు?