మూలనపడ్డ ఇంజనుకు మళ్లీ ఊపిరి

సికింద్రాబాదులో రాణీగంజి బజారు మీరు చూసే ఉంటారు. పంపులు, మోటార్లు, బేరింగులు, బెల్టులు అమ్మే దుకాణాలు అక్కడ వరుసగా ఉంటాయి. ఊళ్ల నుంచి వచ్చిన రైతులు అరిగిపోయిన పిస్టనునో, విరిగిన రింగునో గుడ్డలో చుట్టుకొని తెచ్చి, "ఇలాంటిదే కావాలి" అని అడుగుతుంటారు. ఒకరోజు అలా వెళ్లినవారిలో నేనూ, మా తమ్ముడూ ఉన్నాం. మా చేతిలో ఉన్నది విరిగిన పిస్టను రింగు. అది దానంతట అది విరగలేదు. మేమే విరగ్గొట్టాం. ఆ తప్పు మీరు చేయకూడదనే ఈ పాఠం.

మా ఊరి బావి దగ్గర 5 అశ్వశక్తుల ఆయిల్ ఇంజను ఒకటి ఉండేది. బావి ఎండిపోయి బోరు వేశాక దానితో పని లేకుండా పోయింది. లోతైన బోరులోంచి నీరు తోడటానికి నీటిలోనే మునిగి తిరిగే కరెంటు మోటారు కావాలి కదా! 2008లో ఇంజను కొట్టంలోకి చేరింది. 2020 వానలకు బావి మళ్లీ నిండింది. నారుమడికి నీళ్లు కావాలి. ఇంజను బయటికి తీశాం. హ్యాండిలు కదలలేదు. దానికి పొడుగాటి ఇనుపగొట్టం తొడిగి ఇద్దరం బలంగా తిప్పాం. లోపల 'టక్' మని శబ్దం వచ్చింది. తరవాత చూస్తే రింగు విరిగింది, లైనరు గోడమీద లోతుగా గీత పడింది.

"సార్, పన్నెండేళ్లు ఊరికే ఉన్నందుకు ఇది చెడలేదు. మీరు తిప్పిన ఒక్క నిమిషంలో చెడింది" అన్నాడు మేస్త్రీ. నిజమే!

మూలనున్న ఇంజనుకు ఏమవుతుంది?

ఇంజను ఆగినప్పుడు పిస్టను ఎక్కడో ఒకచోట నిలిచిపోతుంది. ఒక్కోసారి ఆ స్థానంలో ఏదో ఒక కవాటం, అంటే వాల్వు, తెరుచుకొని ఉంటుంది. పగటి వేడికి లోపలి గాలి వ్యాకోచించి బయటికి పోతుంది. రాత్రి చల్లబడగానే బయటి తేమగాలి లోపలికి వస్తుంది. ఆ తేమ చల్లని ఇనుపగోడమీద నీటి బిందువులుగా మారుతుంది. ఇనుము, నీరు, ఆక్సిజను కలిస్తే తుప్పు పడుతుందని మీకు తెలుసు. తుప్పు తానెక్కడి ఇనుమునుంచి పుట్టిందో ఆ ఇనుము కంటె ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. పిస్టను రింగుకూ సిలిండరు గోడకూ మధ్య ఉన్న సన్నని సందులో తుప్పు పెరిగితే మేకు బిగించినట్లే అవుతుంది.

పాత ఇంజనాయిలు కూడా కీడు చేస్తుంది. డీజిల్లోని గంధకం మండినప్పుడు పుట్టే ఆమ్లాలు ఆయిల్లో చేరి బేరింగులను మెల్లగా తింటాయి. మన దేశంలో 2020 ఏప్రిల్ నుంచి డీజిల్లో గంధకం పది లక్షల భాగాలకు 10 భాగాలు మించకూడదన్న నియమం ఉంది. అంతకు ముందటి డీజిల్లో గంధకం ఇంకా ఎక్కువగా ఉండేది. అందుకే ఇంజనును మూలన పెట్టేముందు పాత ఆయిలు తీసి కొత్తది పోయాలి. సిలిండరు లోపల కూడా కొంచెం ఆయిలు పూయాలి.

మొదట చూడాలి, తరవాతే తిప్పాలి

మేము చేయవలసింది ఇది. ఆయిలు తీసి చూడాలి. పాలలా తెల్లగా ఉంటే నీరు కలిసిందన్నమాట. అడుగున లోహపు రజను మెరుస్తుంటే బేరింగులు అరిగాయన్నమాట. తరవాత డీజిలు చిమ్మే ఇంజెక్టరును విప్పి, ఆ రంధ్రంలోంచి కిరసనాయిలు, ఇంజనాయిలు కలిపి కొద్దిగా పోసి కొన్ని రోజులు నాననివ్వాలి. కేశనాళికా చర్య వల్ల ఆ ద్రవం సన్నని సందుల్లోకి పాకుతుంది. రోజూ ఫ్లైవీలును చేత్తో మాత్రమే అటూ ఇటూ మెల్లగా కదిలించి చూడాలి. కదిలితే సంతోషం. కదలకపోతే విప్పాలి. బలప్రయోగం మాత్రం చేయకూడదు.

పీడనం ఎందుకంత ముఖ్యం?

పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు ఉంటుంది. డీజిలు ఇంజనులో అది లేదు. మరి మంట ఎలా పుడుతుంది? సైకిలు పంపు గట్టిగా కొడితే దాని అడుగు వేడెక్కడం మీకు అనుభవమే. జర్మనీకి చెందిన రుడాల్ఫ్ డీజిల్ తన ఇంజనులో ఈ సూత్రాన్నే వాడుకున్నాడు. 1897లో ఆగ్స్‌బర్గ్ నగరంలో పరీక్షించినప్పుడు అది ఇంధనంలోని శక్తిలో దాదాపు 26 శాతాన్ని పనిగా మార్చింది. ఆనాటి ఆవిరి ఇంజన్లు దాని దరిదాపులకు కూడా రాలేదు.

మా ఇంజను సిలిండరు వ్యాసం 80 మి.మీ., పిస్టను కదిలే దూరం 110 మి.మీ. లెక్క కట్టండి: 3.14 × 4 × 4 × 11 = సుమారు 553 ఘన సెం.మీ. పిస్టను పైకి చేరినప్పుడు మిగిలే చోటు దాదాపు 36 ఘన సెం.మీ. మాత్రమే. అంటే గాలి పదహారున్నర రెట్లు కుదించుకుపోతుంది. అప్పుడు దాని ఉష్ణోగ్రత 500 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. అందులోకి సన్నని తుంపరగా చిమ్మిన డీజిలు వెంటనే అంటుకుంటుంది.

మరి గాలి పక్కలనుంచి కారిపోతే? పీడనం తగ్గుతుంది, వేడి తగ్గుతుంది, డీజిలు అంటుకోదు. హ్యాండిలు ఎంత కొట్టినా తెల్లని పొగే వస్తుంది.

గాలి ఎక్కడ కారుతోంది? ఫ్లైవీలును మెల్లగా తిప్పుతూ వినండి. గాలి లోపలికి వచ్చే దారిలో 'బుస్' మంటే ఆ వైపు వాల్వు సరిగా కూర్చోలేదు. పొగగొట్టంలో వినిపిస్తే రెండో వాల్వు. ఆయిలు పోసే మూత దగ్గర వినిపిస్తే రింగులు. ఇంకొక పరీక్ష కూడా ఉంది: సిలిండరులో ఒక చెంచా ఆయిలు పోసి తిప్పాలి. పీడనం పెరిగితే లోపం రింగులది. ఆయిలు ఆ సందును తాత్కాలికంగా మూసిందన్నమాట. మార్పు లేకపోతే లోపం వాల్వులది. చెంచా మించి పోయకూడదు సుమా! ద్రవాలు గాలిలా కుదించుకుపోవు. 36 ఘన సెం.మీ. చోటులో ఎక్కువ ద్రవం ఉంటే కనెక్టింగ్ రాడ్డే వంగిపోతుంది.

ఒక రింగుతో కొలత

ఇంజను విప్పాక అరుగుదల కొలవాలి. ఖరీదైన పరికరం లేకపోయినా ఒక కొత్త రింగు, ఒక ఫీలర్ గేజి చాలు. రింగుకు ఒకచోట సందు ఉంటుంది. దానిని సిలిండరులోకి సమంగా తోసి సందు కొలవాలి.

సిలిండరు అడుగున, పిస్టను చేరనిచోట, మాకు వచ్చిన సందు 0.35 మి.మీ. పైభాగంలో 0.98 మి.మీ. తేడా 0.63. చుట్టుకొలతలో వచ్చిన ఈ తేడాను 3.14తో భాగిస్తే వ్యాసంలో తేడా వస్తుంది: 0.20 మి.మీ. మీరు బడిలో నేర్చిన వృత్తపు లెక్క ఇక్కడ వేల రూపాయల నిర్ణయం చేస్తుంది!

పైభాగమే ఎందుకు ఎక్కువ అరుగుతుంది? పిస్టను పైకి వెళ్లి దిశ మారేముందు ఒక్క క్షణం ఆగుతుంది. కదలిక ఆగగానే ఆయిలు పొర పలచబడుతుంది. మంట వేడి, పీడనం కూడా అక్కడే ఎక్కువ.

రింగుకు అసలు సందు ఎందుకు? దాని చుట్టుకొలత 251 మి.మీ. పోత ఇనుము ఒక డిగ్రీకి తన పొడవులో లక్షోవంతు వ్యాకోచిస్తుంది. గోడకంటె రింగు 100 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే 251 × 100 ÷ 1,00,000 = 0.25 మి.మీ. పెరుగుతుంది. ఆ చోటు లేకపోతే రింగు చివరలు ఒరుసుకొని గోడను చీరేస్తాయి.

బాగుచేయాలా, పాతసామానుకు వేయాలా?

ఇంజనుకు ఎముకల వంటివి బ్లాకు, క్రాంకుషాఫ్టు. ఇవి బాగుంటే మిగతావి మార్చుకోవచ్చు. బ్లాకులో కంటికి కనిపించని పగులు ఉందేమో తెలుసుకోవడం ఎలా? కిరసనాయిలు పూసి, కొంతసేపు ఆగి, శుభ్రంగా తుడిచి, పైన సుద్దపొడి పూయాలి. పగుల్లో దాగిన కిరసనాయిలు పైకి వచ్చి సుద్దమీద తడిగీత గీస్తుంది. ఆవిరి ఇంజన్ల కాలంలో రైల్వే వర్క్‌షాపుల్లో ఇలాంటి పద్ధతితోనే ఇరుసుల్లో పగుళ్లు పట్టేవారు. మన లాలాగూడ వర్క్‌షాపు 1893 నాటిది. రైలుపెట్టెలు చెడిపోయేదాకా ఆగకుండా, నిర్ణీత కాలానికి విప్పి చూడడం అక్కడి పద్ధతి. ఇంజనుకు కూడా అదే మేలు.

మా ఇంజను బ్లాకుకు పగులు లేదు. క్రాంకుషాఫ్టు గుండ్రంగానే ఉంది. లైనరు అరుగుదల హద్దుల్లోనే ఉందేమో గాని, మేము చేసిన గీత గోరుకు తగులుతోంది. అందుకని లైనరు, పిస్టను, రింగులు, బేరింగులు కొత్తవి వేయించాం. ఓపిక పట్టి ఉంటే లైనరు ఖర్చు తప్పేదేమో!

మళ్లీ బిగించడం

శుభ్రత మొదటి సూత్రం. చిటికెడు ఇసుక కొత్త బేరింగును పాడుచేస్తుంది. ప్రతి భాగానికీ ఆయిలు పూయాలి. రింగుల సందులు ఒకే వరుసలో ఉండరాదు. ఉంటే గాలికి తిన్నగా దారి ఇచ్చినట్లే. హెడ్డు బోల్టులను ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి. అప్పుడే గాస్కెట్టు సమంగా నొక్కుకుంటుంది. డీజిలు గొట్టాల్లోంచి గాలి బుడగలు పూర్తిగా తీసేయాలి. బుడగ కుదించుకుపోతుంది గనుక పంపు వేసిన ఒత్తిడంతా దానికే సరిపోయి ఇంజెక్టరు డీజిలు చిమ్మదు.

జాగ్రత్తలు: ఈ పని పెద్దల సమక్షంలోనే చేయాలి. ఇంజెక్టరు చిమ్మే ధార చర్మాన్ని చీల్చుకుపోతుంది. చేయి అడ్డం పెట్టరాదు. హ్యాండిలు పట్టుకున్నప్పుడు బొటనవేలు మిగతా వేళ్ల వైపే ఉండాలి. ఎదురుదెబ్బ కొడితే చేయి విడివడుతుంది. మూసిన గదిలో ఇంజను నడపరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా లేవు, ప్రాణం మాత్రం తీస్తుంది.

2021 జనవరిలో మా ఇంజను మూడో హ్యాండిలుకు అందుకుంది. మొదట నల్లపొగ, తరవాత సన్నని పొగ, ఆపైన గొట్టంలోంచి నీళ్లు! మా తమ్ముడు హ్యాండిలుకు తొడిగిన ఆ ఇనుపగొట్టాన్ని తీసుకుపోయి పందిరికి గుంజగా పాతేశాడు.

మీరు చేసి చూడండి

1. నాలుగు ఇనుపమేకులు తీసుకోండి. ఒకటి తడిగుడ్డలో, ఒకటి పొడిగుడ్డలో, ఒకటి ఇంజనాయిలు పూసి తడిగుడ్డలో, ఒకటి కాచి చల్లార్చిన నీటిపై నూనె పోసిన సీసాలో ఉంచండి. వారం తరవాత ఏది ఎక్కువ తుప్పు పట్టింది? ఎందుకు?

2. ఒక సిలిండరులో రింగు సందు అడుగున 0.40, పైన 1.34 మి.మీ. ఉంది. వ్యాసంలో అరుగుదల ఎంత?

3. మీ ఊళ్లో మూలనపడ్డ ఇంజను ఉంటే, దానిని తిప్పే ముందు మీరు అడిగే మొదటి మూడు ప్రశ్నలు రాయండి.