స్కోపు ఊగకుండా నిలవాలంటే: చెరువు కట్ట మీదికి పనికొచ్చే చిట్కాలు

చలికాలం మొదలైతే పాలమూరు, నల్లగొండ చెరువుల మీదికి వలస బాతులు దిగుతాయి. తల మీద రెండు నల్ల పట్టీలుండే బార్ హెడెడ్ గూస్‌లైతే టిబెట్, మంగోలియాల నుంచి హిమాలయాలు దాటి దక్షిణాదికి వస్తాయి. మంగోలియాలో మెడకు ప్లాస్టిక్ పట్టీ తొడిగి వదిలిన బాతులు కర్ణాటక చెరువుల్లో కనిపించాయి. పట్టీ మీది అక్షరాలు చదవగలిగితేనే ఆ పక్షి ఎక్కణ్నుంచి వచ్చిందో తేలుతుంది. నీళ్ల నడుమ కూర్చున్న బాతు మెడను స్పాటింగ్ స్కోపులో 60 రెట్లు పెంచి చూస్తుంటే వణుకు కూడా 60 రెట్లు పెరుగుతుంది. బొమ్మ ఊగగానే అందరూ అద్దాన్ని అనుమానిస్తారు. నేను చూసినంతలో తప్పు ఎక్కువగా ఉండేది స్కోపు పాదానికీ ట్రైపాడ్ హెడ్‌కీ నడుమ అంగుళం జాగాలో.

1. ముందు మర చూసుకోండి. స్కోపు పాదానికి మామూలుగా పావు అంగుళం మర ఉంటుంది. పెద్ద స్కోపులకు 3/8 అంగుళాల మర కూడా ఉండొచ్చు. పెద్ద రంధ్రంలో చిన్న స్క్రూ పట్టదు, దానికి సన్నటి బుష్ వేయాలి. కెమెరా సామాన్లు అమ్మే చోట దొరుకుతుంది. స్క్రూ మొదటి రెండు మూడు చుట్లు వేళ్లతోనే తేలిగ్గా తిరగాలి. అడ్డం పడితే వెనక్కి తీసి మళ్లీ పెట్టండి. స్క్రూ ఉక్కుది, పాదం చాలావాటికి అల్యూమినియం. బలవంతం చేస్తే అరిగేది పాదంలోని మరే.

2. స్క్రూ పొడవు అన్నిటికంటే ముఖ్యం, ఎవరూ పట్టించుకోనిదీ అదే. పొడవు ఎక్కువైతే కొన రంధ్రం అడుగుకు తగిలి ఆగిపోతుంది. చేతికి గట్టిగా బిగుసుకున్నట్టే అనిపిస్తుంది, కానీ పాదానికీ, ట్రైపాడ్ హెడ్‌లో కూర్చునే ప్లేటుకూ మధ్య వెంట్రుకవాసి సందు మిగులుతుంది. బిగించాక ఆ సందులోకి పోస్ట్‌కార్డు అంచు దూర్చి చూడండి. దూరితే స్క్రూ మార్చండి, లేదా స్క్రూ తలకాయ కింద పలచటి వాషర్ వేయండి. స్క్రూ పొట్టిగా ఉన్నా ప్రమాదమే. కనీసం నాలుగైదు చుట్లయినా మరలోకి దిగాలి.

3. వేళ్ల బలం చాలదు. ప్లేటు స్క్రూకు గాడి ఉంటే రూపాయి బిళ్లతో, ఆరు పలకల గుంట ఉంటే అలెన్ కీతో చివరి పావు చుట్టు బిగించండి. అలెన్ కీని ట్రైపాడ్ కాలికే రబ్బరు బ్యాండుతో కట్టి ఉంచితే కట్ట మీదికి పోయాక వెతుక్కునే పని ఉండదు. జిగురు మందులు మాత్రం పోయకండి, రేపు ప్లేటు ఊడదీయాల్సి వస్తుంది.

4. పాదం కింద మందపాటి రబ్బరు ముక్క పెట్టేవాళ్లున్నారు. జారదు, నిజమే, కానీ 40 రెట్లు దాటితే ఆ మెత్తదనమే ఊపు అవుతుంది. ప్లేటుతో వచ్చిన పలచటి కార్కు చాలు. అది నలిగి అరిగిపోతే మార్చండి.

5. స్కోపు పొడవైన వస్తువు. ముందు కొనను పక్కకు నెట్టిన ప్రతిసారీ స్క్రూ మీద మెలి పడి, కొద్దికొద్దిగా వదులవుతుంది. అందుకే వీడియో ప్లేట్లకు స్క్రూ పక్కన చిన్న పిన్ను ఉంటుంది. స్కోపు పాదంలో దానికి సరిపడే గుంట ఉందేమో చూసి అందులో కూర్చోబెట్టండి. గుంట లేకపోతే వెనక గోడలాంటి అంచున్న ప్లేటు తీసుకోండి. నా లెక్కలో ఖరీదైన ఐపీస్ కంటే ఈ ప్లేటే ముందు కొనాలి.

6. ప్లేటును హెడ్‌లో పెట్టాక టక్కుమన్న చప్పుడును నమ్మి చేయి వదలొద్దు. లాక్ వేసి, రెండో లాక్ ఉంటే అదీ వేసి, స్కోపును రెండు చేతులతో పట్టి పైకీ పక్కకూ లాగి చూడండి. గాడిలో జారే ఆర్కా రకం ప్లేటైతే రెండు కొసల్లోని చిన్న అడ్డు స్క్రూలు తీసేయకండి. బిగింపు వదులైనా స్కోపు నేల మీద పడకుండా ఆపేవి అవే.

7. తూకం. కింద చేయి ఆసరా పెట్టి, పైకీ కిందికీ వంచే నాబ్ వదులు చేయండి. స్కోపు ముందుకు వాలితే ప్లేటును వెనక్కి, వెనక్కి వాలితే ముందుకు జరపండి. చేయి తీసినా ఉన్నచోటే నిలిచేదాకా సర్దండి. ఫోన్ అడాప్టర్ తగిలిస్తే బరువు వెనక్కి మారుతుంది, మళ్లీ తూకం చూడాల్సిందే.

8. బాల్ హెడ్ ఫొటోలకు బాగుంటుంది, స్కోపుకు వద్దు. నాబ్ వదులైందంటే స్కోపు ఒక్కసారిగా పక్కకు ఒరిగిపోతుంది. పిడి ఉన్న వీడియో హెడ్ తీసుకోండి.

9. కట్ట వాలు మీద రెండు కాళ్లు కిందికి, ఒక కాలు పైకి పెట్టండి. ముందు లావు గొట్టాలే పొడిగించండి, మధ్య కడ్డీ లేపకండి. చెల్క నేల గట్టిగానే ఉంటుంది. రేగడిలో, నీళ్లు తగ్గిన చెరువు ఒండ్రులో కాళ్లు మెల్లగా దిగబడతాయి, కింద చదును రాళ్లు పెట్టండి. గుట్టల మీది గుండ్లపై మేకుల్లాంటి మొనలు జారతాయి, రబ్బరు పాదాలే నిలుస్తాయి.

10. మత్తడి దగ్గర గాలి ఎక్కువ. సంచిని ట్రైపాడ్‌కు వేలాడదీసి, అడుగు నేలకు ఆనేట్టు చూడండి. గాల్లో ఊగే సంచి నష్టమే చేస్తుంది. స్కోపు మెడపట్టీ తీసేయండి.

11. బండి మీద వెళ్తుంటే స్కోపును హెడ్ మీంచి తీసి సంచిలో పెట్టుకోండి. దారి కుదుపులకు స్క్రూలు వదులవుతాయి. దిగగానే మూడో చిట్కా మళ్లీ.

12. మాగనూరు, కృష్ణా మండలాల పొలాల్లో కృష్ణజింకలను దూరం నుంచి చూసేటప్పుడు పొద్దెక్కాక బొమ్మ అలలు అలలుగా కదులుతుంది. అది నేల వేడికి లేచే గాలి, బిగింపుతో పోదు. రెట్లు తగ్గించండి, లేదా తెల్లవారుజామునే వెళ్లండి.

13. 1931-32లో నిజాం రాజ్యపు పక్షులను సర్వే చేసిన సలీం అలీ మన్ననూరు, ఫరహాబాద్‌ల దాకా వచ్చారు. ఇప్పుడా అడవి అమ్రాబాద్ టైగర్ రిజర్వ్. అడవిలో జీపు దిగనివ్వరు కాబట్టి ట్రైపాడ్ పనిచేయదు. జొన్నలు నింపిన గుడ్డసంచిని కిటికీ అంచు మీద పెట్టి స్కోపును దానిలోకి అదిమి, ఇంజిన్ ఆపించండి.

ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి ఏటా జనవరిలో జరుగుతోంది. మీ ఊరి చెరువును ఎవరూ లెక్కించకపోతే మీరే లెక్కించండి. ప్రాజెక్టు కట్టల మీదైతే ముందు సిబ్బందిని అడగండి. మెడపట్టీ ఉన్న బాతు కనిపిస్తే పట్టీ రంగు, అక్షరాలు, తేదీ, చెరువు పేరు అక్కడికక్కడే రాసి, గణన చేసేవాళ్లకు పంపండి.